పాత సౌండ్ బ్లాస్టర్ లైవ్! కార్డుని లినక్స్‌లో పలికించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో అటక మీద రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లున్నాయి. పండగలప్పుడు గుళ్లో జరిగిన హరికథలు, ఊళ్లో ఆడిన నాటకాల పద్యాలు, మా నాయనమ్మ పాడిన మంగళహారతులు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే లైన్-ఇన్, అంటే టేప్ లాంటి వాటి శబ్దాన్ని లోపలికి తీసుకునే చిల్లు, కావాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు హెడ్‌సెట్ పెట్టుకునే ఒక్క చిల్లు తప్ప ఏమీ ఉండదు. అలా వెతుకుతుంటే పాత క్యాబినెట్‌లోంచి సౌండ్ బ్లాస్టర్ లైవ్! 5.1 అనే పాత సౌండ్ కార్డు ఒకటి బయటపడింది. లినక్స్‌లో పెడితే కిక్కురుమనలేదు. ఒక రిపేరు షాపులో చూపిస్తే, "కార్డు పోయింది సార్, యూఎస్‌బీది కొనుక్కోండి" అన్నారు. కార్డు పోలేదు. మిక్సర్‌లో, అంటే శబ్దం స్థాయిలు సర్దే ప్రోగ్రామ్‌లో, ఒక్క స్విచ్చి తప్పుగా ఉంది, అంతే. దాన్ని కనిపెట్టడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. ఆ తర్వాత నన్ను ఈ కార్డు గురించి అడిగినవాళ్లకి చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఒక్క మాట. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఫోన్‌లో చదివి చెప్పినట్టు తెలుగులోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోవాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ఇంత పాత కార్డుకి డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడా వెతకొద్దు. లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్‌లోనే ఉంది. క్రియేటివ్ కంపెనీ ఈ కార్డుని 1998లో విడుదల చేసింది. దీని గుండెకాయ ఈఎంయూ10కే1 అనే చిప్. దాని లినక్స్ డ్రైవర్ పేరు ఎస్ఎన్‌డీ-ఈఎంయూ10కే1. ఇది ఇరవై ఏళ్లకు పైగా కెర్నెల్‌తోనే వస్తోంది. అటకెక్కిన డ్రైవర్ అనుకోకండి, 2023లో కూడా దీనికి చాలా సవరణలు జరిగాయి. డబ్బాలో వచ్చిన సీడీతో డ్రైవర్ కోసం అవసరం లేదు, అయినా పారేయకండి. దానితో పని కింద మిడి (శబ్దం బదులు ఏ స్వరం ఎప్పుడు పలకాలో రాసుండే పాటల ఫైళ్లు) దగ్గర వస్తుంది.

నా కార్డు మీద "లైవ్" అని రాసుంది. అంటే ఇదే డ్రైవరా?

అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. "లైవ్" అన్నది అమ్మకం పేరు, చిప్ పేరు కాదు. ఆ ఒక్క పేరు కింద కనీసం మూడు వేరు వేరు చిప్‌లు అమ్ముడయ్యాయి.

మొదటిది అసలైన లైవ్. పీసీఐ గుర్తింపు సంఖ్య 1102:0002. దీనికి ఎస్ఎన్‌డీ-ఈఎంయూ10కే1. రెండోది డెల్ కంప్యూటర్లలో వచ్చిన చౌక రకం. కార్డు మీద ఎస్‌బీ0200 అని ఉంటుంది, సంఖ్య 1102:0006. దాని చిప్ పేరు చివర ఒక ఎక్స్ ఉంటుంది, డ్రైవర్ పేరూ అంతే: ఎస్ఎన్‌డీ-ఈఎంయూ10కే1ఎక్స్. ఆ ఒక్క అక్షరంతో చాలా తేడా వస్తుంది. ఈఎంయూ10కే1 కోసం కింద రాసిన మిడి సంగతులేవీ దానికి వర్తించవు. మూడోది లైవ్! 24-బిట్, కార్డు మీద ఎస్‌బీ0410 అని ఉంటుంది, సంఖ్య 1102:0007. అది పూర్తిగా వేరే జాతి, డ్రైవర్ ఎస్ఎన్‌డీ-సీఏ0106.

2001లో వచ్చిన ఆడిజీ మాత్రం లైవ్‌కి తమ్ముడు. సంఖ్య 1102:0004, డ్రైవర్ కూడా అదే ఈఎంయూ10కే1. అయితే ఆడిజీ ఎస్ఈ, ఆడిజీ ఎల్ఎస్ అనేవి పేరుకే ఆడిజీలు, లోపల ఉన్నది సీఏ0106.

కాబట్టి డబ్బా మీద పేరు చూసి మోసపోకండి. పాత సామాన్ల షాపులో కొనేటప్పుడు, అది సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనైనా ఇంకెక్కడైనా, కార్డు తిప్పి అంచున అంటించిన స్టిక్కర్ మీద నంబరు చదవండి. సీటీ అనో ఎస్‌బీ అనో మొదలై నాలుగంకెలు ఉంటాయి.

కొత్త మదర్‌బోర్డులో పీసీఐ స్లాటే లేదు. ఎలా?

పీసీఐ ఎక్స్‌ప్రెస్ నుంచి పాత పీసీఐకి మార్చే చిన్న బ్రిడ్జి బోర్డులు దొరుకుతాయి. పనిచేస్తాయి, కానీ కొన్ని పేచీ పెడతాయి. ఏఎస్ఎం1083 చిప్ ఉన్న బ్రిడ్జిలకు ఇంటరప్ట్ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) విషయంలో చెడ్డపేరు ఉంది. కాసేపు పాడి, హఠాత్తుగా శబ్దం ఆగిపోయి, కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ (అక్షరాలు డీ, ఎం, ఈ, ఎస్, జీ) కమాండ్‌లో "ఐఆర్‌క్యూ ఫలానా: నోబడీ కేర్డ్" అనే వరస కనిపిస్తే కార్డుని అనుమానించకండి, దోషం బ్రిడ్జిది. ఇంటరప్ట్ వచ్చింది, నాది అని ఎవరూ ముందుకు రాలేదు, కెర్నెల్ విసిగి ఆ గీతనే మూసేసింది అని దానర్థం.

నా సలహా అడిగితే, ఈ కార్డు కోసం పీసీఐ స్లాట్ ఉన్న పాత డెస్క్‌టాప్‌నే వాడుకోండి. క్యాసెట్లు ఎక్కించడానికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు.

ఆ పాత డెస్క్‌టాప్‌లో ఏ లినక్స్ వేయాలి?

ప్రాసెసర్ 64 బిట్లదైతే మీకు నచ్చినది వేయండి. 32 బిట్లదైతే (పాత పెంటియం 4లు చాలావరకు ఇవే) ఎంపిక తగ్గిపోతోంది. ఉబుంటు ఎప్పుడో వదిలేసింది. డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌తో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. డెబియన్ 12 గానీ, తేలికైన యాంటీఎక్స్ గానీ చూడండి.

ర్యామ్ 2 జీబీ దాటితే ఈ కార్డు పనిచేయదంటారు, నిజమేనా?

సగం నిజం. ఈ చిప్ మెమరీ చిరునామాకి 31 బిట్లే వాడుతుంది కాబట్టి 2 జీబీకి పైన ఉన్న మెమరీని తానుగా అందుకోలేదు. ఆ సంగతి డ్రైవర్‌కి తెలుసు. కార్డుకి కావలసిన చోటుని కిందనే తీసిపెడుతుంది. ర్యామ్ చిప్పులు పీకి పక్కన పెట్టిన పెద్దమనిషిని ఒకరిని చూశాను. అంత అవసరం లేదు.

కార్డుని లినక్స్ చూసిందో లేదో ఎలా తెలుస్తుంది?

కింది మెట్టు నుంచి పైకి రండి. ముందు స్లాట్‌లో కార్డు, తర్వాత కెర్నెల్, ఆ తర్వాత మిక్సర్, ఆఖరున డెస్క్‌టాప్. చాలామంది పైనుంచి మొదలుపెట్టి, సెట్టింగుల్లో కనిపించలేదని మొత్తం సిస్టమ్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. రోజంతా పోతుంది, శబ్దం మాత్రం రాదు.

టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ కొట్టండి, పక్కన ఖాళీ వదిలి -ఎన్ఎన్‌కే. వచ్చిన జాబితాలో 1102 ఉన్న వరస వెతకండి. ఆ వరసే లేకపోతే లినక్స్‌తో మీకు పని లేదు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, కార్డు తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, దుమ్ము ఊది, వేరే స్లాట్‌లో గట్టిగా కూర్చోబెట్టండి. నా అనుభవంలో కార్డు కనిపించకపోవడానికి మూడొంతుల కారణం ఇదే.

వరస ఉంటే దాని కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని, పక్కన ఎస్ఎన్‌డీ_ఈఎంయూ10కే1 అని ఉండాలి. హైఫన్ ఉన్నా అండర్‌స్కోర్ ఉన్నా కెర్నెల్‌కి ఒకటే. 7002 అని ఇంకో వరస కూడా కనిపిస్తుంది. కంగారు పడకండి, అది కార్డు మీద ఉన్న జాయ్‌స్టిక్ పోర్టు.

డ్రైవర్ వరస లేకపోతే సుడో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) ముందు పెట్టి, డ్రైవర్‌ని ఎక్కించే మోడ్‌ప్రోబ్ ఎస్ఎన్‌డీ-ఈఎంయూ10కే1 అని కొట్టండి. ఏమీ మాట్లాడకుండా ప్రాంప్ట్ తిరిగొస్తే పని అయినట్టే. "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అంటే మీరు కోసేసిన కెర్నెల్ వాడుతున్నారు. ఉబుంటులో సౌండ్ డ్రైవర్లు లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో ఉంటాయి. డెబియన్‌లో క్లౌడ్ అని పేరున్న కెర్నెల్ వేసుకుని ఉంటే దాని బదులు మామూలుది వేయండి.

చివరిగా ఏప్లే -ఎల్ (చిన్న ఎల్). అందులో "లైవ్" అని కార్డు పేరు, కింద "సబ్‌డివైసెస్: 32/32" కనిపిస్తే కెర్నెల్ తన పని పూర్తిచేసింది. ఆ 32 వెనక ఒక సంగతి ఉంది. ఈ కార్డు ఒకేసారి 32 స్టీరియో ధారల్ని తనే కలుపుకోగలదు. ఇప్పటి మదర్‌బోర్డుల మీది సౌండ్ చిప్‌లకి ఆ వసతి లేదు, ఆ కలపడం సాఫ్ట్‌వేర్ చేయాలి.

కార్డు కనిపిస్తోంది, డ్రైవర్ ఉంది, పాట నడుస్తోంది, కానీ శబ్దం లేదు. ఏం చేయాలి?

నేను మూడు రాత్రులు పోగొట్టుకున్నది ఇక్కడే. అందుకే నిదానంగా చెప్తాను.

ముందు వైరు. 5.1 రకంలో రంగురంగుల అయిదు చిల్లులుంటాయి. ముందు స్పీకర్లకి ఆకుపచ్చ. నలుపు వెనక స్పీకర్లది, నీలం లైన్-ఇన్, గులాబీ మైకు. నారింజ లేదా పసుపు రంగుది డిజిటల్ అవుట్, సెంటర్, సబ్‌ఊఫర్‌ల ఉమ్మడి చిల్లు. బల్ల కింద చీకట్లో తడుముకుని పెట్టినవాళ్లకి నలుపు, ఆకుపచ్చ తారుమారవడం మామూలే.

తర్వాత టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ కొట్టండి. తెరవగానే ఒక్క మాస్టర్ స్లైడర్ మాత్రమే కనిపిస్తే అది మీ కార్డు కాదు, డెస్క్‌టాప్ సౌండ్ సర్వర్ (అన్ని ప్రోగ్రాముల శబ్దాన్నీ కలిపి కార్డుకి పంపేది) చూపించే ముసుగు. ఎఫ్6 నొక్కి జాబితాలోంచి లైవ్ కార్డుని ఎంచుకోండి. ఇప్పుడు స్లైడర్లు స్క్రీన్ దాటి కుడివైపుకి పోతాయి. బాణం గుర్తులతో పక్కకి జరుగుతూ చూడాలి.

ఒక్కో స్లైడర్ కింద చిన్న పెట్టెలో "ఎంఎం" అని ఉంటే అది మ్యూట్‌లో ఉందని అర్థం. ఎం మీట నొక్కితే పోయి "00" అవుతుంది. మాస్టర్, పీసీఎం, వేవ్, ఈ మూడూ తెరిచి ఉండాలి, మూడూ ఒక డెబ్భై శాతం దగ్గర పెట్టండి. వేవ్ సున్నాలో ఉంటే మాస్టర్‌ని నూటికి నూరు పెంచినా ఉపయోగం లేదు. ఇంటి మెయిన్ కొళాయి తిప్పి ఉంది, స్నానాల గదిలోది కట్టేసి ఉంది అన్నట్టు.

ఇక అసలు దొంగ. కుడివైపు చివర్లో "ఎస్‌బీ లైవ్ అనలాగ్/డిజిటల్ అవుట్‌పుట్ జాక్" అని ఒక గడి ఉంటుంది. ఆడిజీలో "ఆడిజీ అనలాగ్/డిజిటల్ అవుట్‌పుట్ జాక్" అంటారు. దీనికి స్లైడర్ ఉండదు, ఆన్ లేదా ఆఫ్ మాత్రమే. ఆన్‌లో ఉంటే కార్డు డిజిటల్ తీరుకి మారుతుంది. మామూలు స్పీకర్లు వాడేవాళ్లు దీన్ని ఆఫ్ చేయాలి, అంటే ఎం నొక్కి "ఎంఎం" కనిపించేలా. ఇక్కడ బుర్ర తిరిగే మెలిక ఏమిటంటే, మిగతా అన్నిచోట్లా ఎంఎం చెడ్డది, ఈ ఒక్కచోట మంచిది. దొరికిన సలహా పట్టుకుని అన్ని మ్యూట్‌లూ వరసగా తీసుకుంటూ పోయిన నేను దీన్నీ తీసేశాను. నా శబ్దాన్ని నా చేత్తోనే నొక్కేసుకున్నాను.

అది ఆపాక పరీక్ష: స్పీకర్-టెస్ట్, -పెద్ద డీ ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:లైవ్ (లైవ్‌లో మొదటి అక్షరం పెద్దది), -సీ 2, -టీ వేవ్ (అక్షరాలు డబ్ల్యూ, ఏ, వీ). ఒక ఆడగొంతు ఎడమా కుడీ పిలుస్తుంది. కార్డు అంకె బదులు పేరు వాడాను చూడండి. అంకెలు బూట్‌కీ బూట్‌కీ మారిపోవచ్చు, పేరు మారదు.

రీబూట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తోంది.

సుడోతో ఆల్సాసీటీఎల్ స్టోర్ అని ఒకసారి కొట్టండి. మిక్సర్ స్థితి వార్ కింద లిబ్, దాని కింద ఆల్సా అనే ఫోల్డర్లో దాచుకుంటుంది, బూట్ అయ్యేటప్పుడు తిరిగి పెడుతుంది.

సెట్టింగుల్లో "డమ్మీ అవుట్‌పుట్" తప్ప ఏమీ లేదు.

సౌండ్ సర్వర్‌కి ఏ కార్డూ దొరక్కపోతే ఖాళీ కుర్చీలో దిష్టిబొమ్మని కూర్చోబెడుతుంది. అదే ఆ డమ్మీ. ఏప్లే -ఎల్‌లో కూడా కార్డు లేకపోతే పైన చెప్పిన మెట్లు మళ్లీ దిగండి. అక్కడ ఉండి ఇక్కడ లేకపోతే సర్వర్‌ని తట్టి లేపాలి: సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్. దీనికి సుడో పెట్టకూడదు. అప్పటికీ రాకపోతే పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని, దాని ఆఖరి ట్యాబ్‌లో కార్డు ప్రొఫైల్ "ఆఫ్" అని ఉందేమో చూడండి. "అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్" పెడితే వినడం, రికార్డు చేయడం రెండూ తెరుచుకుంటాయి.

ఆల్సా, పల్స్, పైప్‌వైర్... ఇన్ని ఎందుకండీ?

ఒక్కొక్కటి ఒక్కో కాలంలో వచ్చి చేరింది. మొదట్లో ఓఎస్ఎస్ అనే పాత సౌండ్ వ్యవస్థ ఉండేది. 1998లో యారొస్లావ్ కిసెలా అనే చెక్ ప్రోగ్రామర్ గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే కార్డుకి మంచి డ్రైవర్ కావాలని మొదలుపెట్టిన పని ఆల్సా అయింది. 2003 డిసెంబర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో అదే ప్రధాన సౌండ్ వ్యవస్థగా నిలిచింది. ఇప్పటికీ కార్డుతో నేరుగా మాట్లాడేది ఆల్సాయే.

దాని పైన కూర్చుని, నాలుగు ప్రోగ్రాముల శబ్దాన్ని కలిపి పంపే పెద్దమనిషి పల్స్‌ఆడియో. 2007లో ఫెడోరా 8తో వచ్చి, మొదట్లో జనాన్ని బాగా ఏడిపించింది. దాని చోటుని ఇప్పుడు పైప్‌వైర్ తీసుకుంటోంది. ఫెడోరా 2021లో మారింది, ఉబుంటు 22.10లో మారింది. మీ కార్డు దృష్టితో చూస్తే ఈ రెంటి మధ్య తేడా దాదాపు ఏమీ లేదు. కాబట్టి "పల్స్ తీసేయండి, అన్నీ సర్దుకుంటాయి" అనే పాత సలహా ఎక్కడైనా చదివితే తేదీ చూసి పక్కన పెట్టండి.

మానిటర్ హెచ్‌డీఎంఐ నుంచి శబ్దం పోతోంది, లైవ్ నుంచి రావట్లేదు.

మదర్‌బోర్డు మీది చిప్, హెచ్‌డీఎంఐ, మీ లైవ్, ముగ్గురు పోటీదారులు. సెట్టింగుల్లో అవుట్‌పుట్ మార్చుకుంటే సరిపోతుంది. మదర్‌బోర్డు సౌండ్ అసలు వాడని వాళ్లు బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయడం ఇంకా హాయి. గ్రాఫిక్స్ లేని పాత సర్వర్ పెట్టెలో అయితే ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు చేసి, ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ-ఈఎంయూ10కే1 ఇండెక్స్=0, కింది వరసలో ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ ఇండెక్స్=1 అని రాసి రీబూట్ చేయండి.

శబ్దం వస్తోంది కానీ నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతోంది.

మూడు నాలుగు కారణాలుంటాయి. నేనైతే ఈ వరసలో చూస్తాను.

మొదట స్లైడర్లు. వేవ్, పీసీఎం రెండూ నూరుకి పెట్టి, టోన్ స్విచ్చి ఆన్ చేసి, బేస్ పెంచితే శబ్దం పగిలిపోతుంది. టోన్ ఆపండి, రెండూ డెబ్భైకి దించండి.

తర్వాత ఇంటరప్ట్‌లు. ప్రాక్ కింద ఇంటరప్ట్స్ అనే ఫైలుని క్యాట్‌తో చూడండి. మీ కార్డు ఉన్న వరసలోనే గ్రాఫిక్స్, నెట్‌వర్క్ కూడా కూర్చుని ఉంటే కార్డుని వేరే స్లాట్‌కి మార్చండి. పాత బోర్డుల్లో స్లాట్ మారిస్తే వరస మారుతుంది.

మూడోది 2000, 2001 నాటి వీఐఏ చిప్‌సెట్ బోర్డులు. ఏఎండీ ప్రాసెసర్ల కోసం వచ్చిన కేటీ133, దానికి జతగా 686బీ ఉన్న బోర్డుల్లో లైవ్ కార్డు పెడితే చిటపటలతో ఆగేది కాదు, హార్డ్ డిస్క్ మీద డేటా కూడా పాడయ్యేది. అప్పట్లో అదో పెద్ద గొడవ. లినక్స్ కెర్నెల్‌లో దానికి విరుగుడు ఇప్పటికీ ఉంది. బూట్ సందేశాల్లో "అప్లయింగ్ వీఐఏ సౌత్‌బ్రిడ్జ్ వర్క్‌అరౌండ్" అని కనిపిస్తే మీది అలాంటి బోర్డే. విరుగుడు ఉన్నా సరే, ఆ బోర్డులో విలువైన డేటా పెట్టకండి.

ఇవేవీ కాకపోతే కార్డు మీది కెపాసిటర్లు ఉబ్బాయేమో చూడండి. అది సోల్డరింగ్ తెలిసినవాళ్ల పని.

క్యాసెట్ నుంచి రికార్డు చేయడం ఎలా?

టేప్ డెక్‌కి లైన్-అవుట్ ఉంటే అక్కడి నుంచి, లేకపోతే హెడ్‌ఫోన్ చిల్లు నుంచి వాల్యూమ్ సగానికి తగ్గించి, వైరుని కార్డు నీలం చిల్లులో పెట్టండి. గులాబీలో పెట్టకండి. అది మైకు కోసం చేసింది, టేప్ పంపే సిగ్నల్ దానికి మరీ ఎక్కువ. గొంతు తగరపు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది.

ఆల్సామిక్సర్‌లో ఎఫ్6తో లైవ్ ఎంచుకుని, ఎఫ్4 నొక్కితే రికార్డింగ్ వైపు స్లైడర్లు వస్తాయి. లైన్ దగ్గరికి వెళ్లి స్పేస్ మీట నొక్కండి, కింద ఎర్రగా "క్యాప్చర్" అని పడుతుంది. క్యాప్చర్ అనే స్లైడర్ని కూడా తెరిచి అరవై దగ్గర మొదలుపెట్టండి. మైక్, సీడీ, ఆక్స్ లాంటివి వాడనివన్నీ మ్యూట్ చేయండి. తెరిచి ఉన్న ప్రతి ఇన్‌పుట్ కొంచెం కొంచెం బుస కలుపుతుంది.

ఇక ఆరికార్డ్, -పెద్ద డీ ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:లైవ్, -ఎఫ్ డ్యాట్ (డీ, ఏ, టీ), -పెద్ద వీ స్టీరియో, చివర ఫైలు పేరు. డ్యాట్ అంటే సెకనుకి 48,000 నమూనాలు, 16 బిట్లు, స్టీరియో. సీడీ లెక్క 44,100 కదా, అది ఎందుకు కాదు అంటారేమో. ఈ కార్డు లోపల అంతా 48,000 మీదే నడుస్తుంది. మీరు 44,100 అడిగితే అది మార్చి ఇవ్వాలి. ఆ మార్పిడి కావాలంటే తర్వాత తీరిగ్గా సాఫ్ట్‌వేర్‌తో చేసుకోండి, అది ఇంకా శుభ్రంగా చేస్తుంది. స్క్రీన్ మీద మీటర్ కదులుతుంది. పద్యం ఎత్తుకున్న చోట, రాగం పైకి వెళ్లిన చోట కూడా మీటర్ నూరుని తాకకూడదు. హరికథలో మామూలు మాటల దగ్గర లెవెల్ చూసుకుని వదిలేస్తే, దాసుగారు తారస్థాయి అందుకోగానే పగులుతుంది. అందుకే ముందు క్యాసెట్‌లో అన్నిటికన్నా పెద్ద గొంతున్న చోటు వెతికి అక్కడ సర్దండి.

చోటు లెక్క: సెకనుకి 1,92,000 బైట్లు. 90 నిమిషాల క్యాసెట్ ఒక్క పక్క 45 నిమిషాలకి సుమారు 518 ఎంబీ. తర్వాత ఫ్లాక్‌లోకి మార్చితే బాగా తగ్గుతుంది, నాణ్యత ఏమీ పోదు. ఎంపీ3 చేసి అసలుది చెరిపేసే పొరపాటు చేయకండి. ఆ క్యాసెట్ ఇంకోసారి తిరుగుతుందన్న భరోసా లేదు.

"డివైస్ బిజీ" అని వస్తే: పాడటానికి 32 దారులున్నా రికార్డింగ్‌కి ఒక్కటే దారి. పావుకంట్రోల్ గానీ, మైకు తెరిచిన బ్రౌజర్ ట్యాబ్ గానీ దాన్ని పట్టుకుని ఉండొచ్చు. ఫ్యూజర్ -వీ (చిన్న వీ) కొట్టి, పక్కన స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ఎన్‌డీ స్లాష్ నక్షత్రం గుర్తు (*) పెడితే ఎవరో తెలుస్తుంది.

వెనకాల గుంయ్ మని ఒకే శ్రుతిలో హోరు వస్తే టేప్, కంప్యూటర్ రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. నాకు అది చాలావరకు తగ్గింది. రికార్డింగ్‌కి ముందు టేప్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవడం మరిచిపోకండి. మొదటి పెట్టెలో సగం క్యాసెట్లు తుడవకుండానే చేసి, విని, మళ్లీ చేశాను.

సీడీలో ఉన్న సౌండ్‌ఫాంట్‌తో మిడి పాటలు పలికించొచ్చా?

భేషుగ్గా. ఈ కార్డు సరదా అంతా అక్కడే ఉంది. చిప్‌లోనే 64 స్వరాలు ఒకేసారి పలికించే సింథసైజర్ ఉంది. వాయిద్యాల శబ్దాలు మాత్రం బయటి నుంచి ఇవ్వాలి, ఆ ఫైలే సౌండ్‌ఫాంట్. అంతకు ముందు వచ్చిన ఏడబ్ల్యూఈ32 వాటిని తన సొంత మెమరీలో పెట్టుకునేది. లైవ్ కంప్యూటర్ ర్యామ్‌నే వాడుకుంటుంది.

ఆసమ్‌ఎఫ్ఎక్స్ (ఏడబ్ల్యూఈ తర్వాత ఎస్ఎఫ్ఎక్స్) ప్యాకేజీ వేసుకోండి. మోడ్‌ప్రోబ్‌తో ఎస్ఎన్‌డీ-ఈఎంయూ10కే1-సింత్ ఎక్కించి, ఏఎస్ఎఫ్ఎక్స్‌లోడ్ పక్కన సీడీలోని ఎస్ఎఫ్2 ఫైలు పేరు ఇవ్వండి. ఏప్లేమిడి -ఎల్ కొడితే పోర్టుల జాబితాలో "ఈఎంయూ10కే1 వేవ్‌టేబుల్" కనిపిస్తుంది, చాలాసార్లు 17:0. ఆ అంకెని -పీ తర్వాత ఇచ్చి పాట పేరు ఇవ్వడమే. వినపడకపోతే ఆల్సామిక్సర్‌లో సింత్ లేదా మ్యూజిక్ అనే స్లైడర్ ఎత్తండి. సౌండ్‌ఫాంట్ ఎక్కించడం ప్రతి బూట్‌కీ చేయాలి. విసుగనిపిస్తే ఫ్లూయిడ్‌సింత్ అదే పని సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంది, ఏ కార్డుతోనైనా.

వెనక స్పీకర్లు పలకట్లేదు.

పావుకంట్రోల్‌లో ప్రొఫైల్ "అనలాగ్ సరౌండ్ 5.1" పెట్టి, ఆల్సామిక్సర్‌లో సరౌండ్, సెంటర్, ఎల్ఎఫ్ఈ (సబ్‌ఊఫర్‌ది) స్లైడర్లు ఎత్తండి. సెంటర్ మాత్రమే రాకపోతే మళ్లీ ఆ అనలాగ్/డిజిటల్ స్విచ్చే కారణం.

నాది ఇంకా పాతది, పొడుగాటి ఐఎస్ఏ సౌండ్ బ్లాస్టర్ 16.

1992 నాటి కార్డు. ఐఎస్ఏ స్లాట్ ఉన్న కంప్యూటర్ మీ దగ్గర ఇంకా నడుస్తుంటే నమస్కారం. డ్రైవర్ ఎస్ఎన్‌డీ-ఎస్‌బీ16. ప్లగ్ అండ్ ప్లే రకాన్ని కెర్నెల్ తానే గుర్తుపడుతుంది. జంపర్లున్న రకానికి మీరే చెప్పాలి: పోర్టు హెక్సాలో 220, ఐఆర్‌క్యూ 5, 8 బిట్ల డీఎంఏ 1, 16 బిట్ల డీఎంఏ 5. జంపర్లు మార్చి ఉంటే ఆ అంకెలు ఇవ్వండి. తప్పు ఐఆర్‌క్యూ ఇస్తే మొదటి అర సెకను శబ్దమే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది, దాన్నిబట్టి పట్టేయొచ్చు.

పాత ప్రోగ్రామ్ ఒకటి డెవ్ కింద డీఎస్‌పీ లేదని ఏడుస్తోంది.

అది ఓఎస్ఎస్ కాలంది. మోడ్‌ప్రోబ్‌తో ఎస్ఎన్‌డీ-పీసీఎం-ఓఎస్ఎస్ ఎక్కించి చూడండి. మీ కెర్నెల్‌లో అది లేకపోతే ప్రోగ్రామ్ పేరుకి ముందు పాడీఎస్‌పీ అని చేర్చి నడపండి.

అన్నీ చేశాను, అయినా రాలేదు. ఎవరినైనా అడగాలంటే ఏం పంపాలి?

"సౌండ్ రావట్లేదు" అని మాత్రం పంపకండి, ఎవరూ ఏమీ చెప్పలేరు. ఆల్సా-ఇన్ఫో అనే స్క్రిప్టు చాలా డిస్ట్రోల్లో ఆల్సా-యుటిల్స్‌తో పాటే వస్తుంది, చివర చుక్క ఎస్‌హెచ్ ఉంటుంది. దాన్ని --నో-అప్‌లోడ్ పెట్టి నడిపితే కార్డు, డ్రైవర్, మిక్సర్‌లో ప్రతి స్విచ్చి స్థితి ఒక టెక్స్ట్ ఫైలులో రాసిస్తుంది. అది జత చేయండి. కార్డు స్టిక్కర్ నంబరు, మీ కెర్నెల్ వెర్షన్, స్పీకర్ వైరు ఏ రంగు చిల్లులో ఉందో కూడా రాయండి. పంపేముందు ఆ ఫైలులో "అనలాగ్/డిజిటల్" అన్న మాట కోసం వెతికి, దాని పక్కన ఆన్ ఉందో ఆఫ్ ఉందో ఒకసారి మీరే చూడండి.